బాపు పండించని ఆలుగడ్డలు

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో మా పై వాటాలో ఉండే బాపు మొన్న మంగళవారం పొద్దున కాలం చేశాడు. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. గల్లీ మొత్తానికి బాపే. సంతాపం రాసే భారం నా మీద పడింది, ఎందుకంటే మా గల్లీలో బీయెస్సీ చదివిన ఏకైక మహానుభావుణ్ణి నేను. ఆ చదువు, అందులోనూ వృక్షశాస్త్రం, బాపుకు చేసిన సేవ ఏమిటో మనవి చేసుకుంటాను.

బాపు డాబా మీద డాల్డా డబ్బాల్లో ఆలుగడ్డలు పండించేవాడు. డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మట్టిలో పొయ్యి బూడిద కలిపి, చలి మొదలవగానే గడ్డ నాటేవాడు. ఎండ జరిగేకొద్దీ డబ్బాలనూ జరిపేవాడు. జరిపినప్పుడల్లా బస్సులో ముసలమ్మకు చోటు చూపించినట్టు, "జర ఇటు కూసో తల్లీ" అనేవాడు. బేగంబజారులో బస్తాలకొద్దీ దొరికేదానికి ఈ తిప్పలేమిటని గల్లీ నవ్వేది. నేను నవ్వుతో ఆగలేదు. మన ఎండకు ఆలుగడ్డ ఊరదని, పుస్తకంలో ఉందని ప్రకటించాను.

"పుస్తకం రాసినాయన మన డాబా ఎక్కిండా బిడ్డా?" అని అడిగి, మళ్లీ పనిలో పడ్డాడు.

నేనింకా బీయెస్సీ చదువుతున్న రోజులు, ఆయన సేద్యానికి మూడో ఏడు. రేపు గడ్డలు తవ్వుతానని, చూడటానికి రమ్మని గల్లీలో అందరికీ చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా నేను డబ్బాలన్నీ తవ్వాను. రేగుపళ్లంత గడ్డలు, గుప్పెడు దొరికాయి. వాటిని పక్కింటి మేకకు పెట్టి, బేగంబజారు నుంచి తెచ్చిన పిడికిలంత గడ్డలు పూడ్చి, ఎండిన కాడలను ఎప్పటిలా గుచ్చాను. అంత శ్రద్ధగా నేను ప్రాక్టికల్స్ కూడా చేయలేదు.

మర్నాడు గడ్డలు బయటపడగానే గల్లీ నోరు తెరిచింది. కిరాణా కొట్టు సేఠానీ బాపు చేతులకు దండం పెట్టింది. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. బాపు ఒక గడ్డను బొటనవేలితో రుద్దాడు. డబ్బాలో ఉన్నది బూడిదమట్టి, గడ్డకు అంటుకున్నది ఎర్రమట్టి. ఒక్కసారి నా వైపు చూశాడు. ఇంటికొకటి పంచాడు. మా ఇంటికి మాత్రం రెండిచ్చాడు, చదువుకునే పిల్లగాడు ఉన్నాడని.

అందరూ దిగాక నన్ను ఆపాడు.

"నా చిన్నయి ఏడున్నయ్ బిడ్డా?"

మేక తిన్నదని చెప్పాను. ఇంకా నవ్వుతూనే ఉన్నాను.

"ఒక్కటి గూడ మిగలలేదా?" అని అడిగాడు. "గవి తినేటియి గాదు. ఇత్తనం. మొదటేడు మన ఎండకు తట్టుకున్నది ఒక్కటే గడ్డ. దాని పిల్లలే గవి. ఎండకాలమంత ఇసుకల దాచి కాపాడిన." మళ్లీ ఆయనే, "నువ్వు చేసింది ఎవ్వరికి చెప్పకు. చదువుకున్నోనివి, నిన్ను జూసి నవ్వుతరు" అన్నాడు.

ఆ తరువాత ఆయన మళ్లీ నాటలేదు. ఎవరైనా ఆ పంటను పొగిడితే తల దించుకునేవాడు, దొంగతనం చేసింది తానే అయినట్టు. నా పరీక్షలకు మాత్రం డాబా మీదికి వైరు లాగి బల్బు పెట్టాడు. ఆ వెలుగులోనే పాసయ్యాను.

మంగళవారం పాడె దగ్గర సేఠానీ, వచ్చిన చుట్టాలకు పిడికిలంత ఆలుగడ్డల ముచ్చట చెప్పింది. అందరూ తలూపారు. నేనూ ఊపాను. ఆ పెద్ద గడ్డలు బాపువి కావు. రేగుపళ్లంత ఉన్నవే ఆయనవి. ఈ మాట ఆయన బతికుండగా గల్లీ నడుమ నిలబడి చెప్పాల్సింది.

గల్లీ ముందు బాపు గడ్డలు తవ్విన రోజు సాయంత్రం నేను మళ్లీ డాబా మెట్లెక్కాను. క్షమించమనడానికి అని ఇక్కడ రాసుకోవచ్చు గానీ, ఆరేసిన చొక్కా కోసం. బాపు గొంతుకూర్చుని, డబ్బాలన్నీ బోర్లించి, ఇంట్లోని పిండి జల్లెడలో మట్టిని కొద్దికొద్దిగా పోసి జల్లిస్తున్నాడు. నా చేతికి చిక్కకుండా ఒక్క గడ్డయినా మిగిలిందేమోనని. జల్లెడలో మిగిలిన ప్రతి రాయినీ వేళ్లతో నలిపి చూసి పక్కన పెడుతున్నాడు. నేను పై మెట్టు మీదే ఆగిపోయాను. చీకటి పడుతోంది. ఇంకా రెండు డబ్బాల మట్టి ఉంది.