కండక్టరు గొంతుకు పది రోజుల సెలవు

గార్లదిన్నె స్టేజి దాటిపోయినా మా బస్సు ఆగలేదు. తప్పు డ్రైవరుది కాదు, నాదే. "గార్లదిన్నె దిగేవాళ్లు ముందుకు రండప్పా" అని ఎప్పటిలాగే కేక వేశాననుకున్నాను. నోరు తెరుచుకుంది, పెదవులు కదిలాయి, బయటికి వచ్చింది గాలి మాత్రమే. బస్సు అర కిలోమీటరు ముందుకు పోయాక ఒక పెద్దాయన సంచీతో సహా లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, టికెట్ తీసుకోండని అడిగేదానికి నోరుండాది, స్టేజి చెప్పేదానికి లేదా?"

జవాబు చెబుదామంటే అదీ రాలేదు. డ్రైవర్ మస్తానన్న అద్దంలో నన్ను చూసి, "విజిలన్నా వెయ్యమ్మా పద్మా" అన్నాడు. ఒక విజిల్ వేశాను. బస్సు ఆగింది. పెద్దాయన తిట్టుకుంటూ దిగి వెనక్కి నడిచాడు.

అనంతపురం నుంచి గుత్తి దారిలో పన్నెండేళ్లుగా కండక్టరుగా పనిచేస్తున్నాను. గొంతు బొంగురుపోవడం నాకు కొత్త కాదు. ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఆధార్ చూపించమంటే ఫోనులో పెళ్లి ఫొటోలన్నీ దాటుకుని వచ్చేసరికి ఆ తల్లి దిగాల్సిన ఊరు వస్తుంది. అరవకుండా ఈ ఉద్యోగం ఎవరు చేయగలరో నాకు చూపించండి. ఇక ఇంటికి వస్తే రెండో డ్యూటీ. మా ఇంట్లో మొదటి పిలుపు ఎవరికీ వినపడదు. రెండోది వినపడినా లెక్కలోకి రాదు. మూడోసారి వీధి చివరిదాకా వినపడేలా అరిస్తే గానీ మూడో తరగతి చదివే మా వంశీ స్నానానికి లేవడు. తొమ్మిదో తరగతి చదివే మా జోషిత అప్పటికీ లేవదు.

అందుకే దుమ్ముకు పట్టేసిందిలే అనుకుని మిరియాల కషాయం తాగాను. ప్యాసింజర్లు తలా ఒక వైద్యం చెప్పారు, అన్నీ చేశాను. అలా రెండు నెలలు గడిచాయి. గొంతుకు విశ్రాంతి ఇద్దామని బస్సులోనూ ఇంట్లోనూ గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాను. పిల్లలు కూడా నాతో గుసగుసలాడేవారు. మా ఇంట్లో అందరం దొంగల్లా తయారయ్యాం. గొంతు బాగుపడలేదు సరికదా, ఇంకా పాడైంది.

చివరికి మా ఆయన సుధాకర్ నన్ను బలవంతంగా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు నా నాలుకను కట్టు కట్టే పలుచని గుడ్డతో పట్టుకుని, గొంతులోకి కెమెరా పెట్టి, "ఈ... అనమ్మా" అన్నారు. ఆ పరీక్ష పేరు ఎండోస్కోపీ. నా వోకల్ కార్డ్స్‌ను, మాట పుట్టించే ఆ రెండు తంతువులను, నేను మొదటిసారి స్క్రీన్ మీద చూశాను. ఒకదాని అంచున జొన్నగింజంత బుడిపె ఉంది.

"దీన్ని పాలిప్ అంటారమ్మా. అరిచి అరిచి వచ్చింటాది. తీసేయల్ల. గుసగుసలు అన్నిటికంటే చెడ్డవి, వాటితో కార్డ్స్‌కి ఇంగా స్ట్రెయిన్."

"క్యాన్సరా సార్?" అని సుధాకర్ అడిగాడు. నేను అడగలేకపోయాను.

"చూసేదానికి మామూలు దాని మాదిరే ఉండాది. తీసిన బుడిపెను ల్యాబుకు పంపిస్తాం, ఆ బయాప్సీ రిపోర్ట్ వచ్చేదాకా నేను మాట ఇయ్యను. గొంతు మునుపటి మాదిరి వస్తాదని కూడా ఇప్పుడే చెప్పలేను."

నేను ధైర్యం గలదాన్నే. తాగి బస్సెక్కి గొడవ చేసేవాళ్లను చెయ్యి పట్టుకుని దించిన రోజులున్నాయి. కానీ ఆ మాట విన్నాక ఇంటిదాకా ఇవే ఆలోచనలు. గొంతు లేని కండక్టరును ఎవరు పెట్టుకుంటారు? గొంతు లేని అమ్మ మాట మా ఇంట్లో ఎవరు వింటారు? నిజంగా భయపడ్డాను.

ఆపరేషన్ గంటలో అయిపోయింది. ఆ తర్వాత పది రోజులు పూర్తి వాయిస్ రెస్ట్. మాట్లాడకూడదు, గుసగుసలాడకూడదు, గట్టిగా దగ్గకూడదు. వంశీ తన పాత పలకను నాకు ఇచ్చాడు. నేను వాక్యం రాసి ముగించేలోపు పిల్లలు చేయాల్సిన అల్లరి చేసేసి పక్క గదిలోకి వెళ్లిపోయేవారు. ఫోను ఇంకో తలనొప్పి. పార్సిల్ తెచ్చినతను "ఇల్లు యాడక్కా, హలో, హలో" అని నాలుగుసార్లు ఫోన్ చేసి, నేను పలకకపోయేసరికి పార్సిల్‌తోనే వెళ్లిపోయాడు. రేపు ప్రతి బిడ్డా పసుపు రంగు బట్టలు, పసుపు రంగు పండుతో రావాలని స్కూలు గ్రూపులో రాత్రి మెసేజ్ వచ్చింది. ఆ టీచరమ్మను ఏమీ అనలేని స్థితిలో ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి.

రెండో రోజు నా డ్యూటీ విజిల్ మెడలో వేసుకున్నాను. ఒక విజిల్ అంటే ఆగు, రెండంటే పో. బస్సుకు సరిపోయింది ఇంటికి సరిపోదా? బ్రహ్మాండంగా పనిచేసింది. రెండు విజిల్స్ వేస్తే స్నానానికి పోయేవారు, ఒకటి వేస్తే కొట్లాట ఆపేవారు. ఇన్నేళ్లు అనవసరంగా అరిచానే అనుకున్నాను.

ఆరో రోజు మా వీధికి కుళాయి నీళ్లు వచ్చాయి. సంపులోకి పట్టి, మోటారు వేసి, బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్లాను. నా కళ్లముందే ట్యాంకు నిండి, నీళ్లు గోడ వెంట వీధిలోకి కారడం మొదలైంది. మోటారు స్విచ్చు కింద ఉంది. దాని పక్కనే వంశీ ఫోను చూస్తూ కూర్చున్నాడు. మెట్ల మీద నుంచి ఒక విజిల్ వేశాను. వాడు ఫోను కింద పెట్టి బుద్ధిగా నిలబడ్డాడు. ఇంకోసారి వేశాను. చేతులు కూడా కట్టుకున్నాడు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

నేను మెట్లు దిగి వెళ్తే సరిపోయేది. ఆ మాత్రం సేపైనా నీళ్లు వృథాగా పోతుంటే చూస్తూ ఊరుకోవడం అనంతపురంలో పుట్టినదానికి చేతకాదు.

"మోటారూ!" అని అరిచాను.

మోటారు ఆగింది. నా గొంతులో ఏదో చీలినట్టు మంట పుట్టింది. ఉమ్మితే ఎర్రటి చార కనిపించింది. సుధాకర్ పని వదిలేసి వచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు మళ్లీ కెమెరా పెట్టి చూశారు.

"బాగా వాచింది. దేనికమ్మా అరిచినావు?"

నేను పలక మీద రాశాను: నీళ్లు పోతాండాయి సార్.

ఆయన చదివి పలక నాకు తిరిగి ఇచ్చారు. "మాదీ ఈ కరువు సీమే, గోరంట్ల పక్కన పల్లె. నేనైనా అరిచేవాడినే" అన్నారు. ఆ వెంటనే గొంతు పెంచి, "అయినా ఇంగోసారి అరిస్తే నేను బాధ్యుణ్ణి కాదు. ఈ పొద్దు నుంచి మళ్లీ పది రోజులు. విజిల్ కూడా తీసెయ్, ఊదేదానికీ ఒత్తిడి పడతాది" అన్నారు.

అంటే మళ్లీ మొదటి రోజుకు వచ్చాను. నా మీద నాకే వచ్చిన కోపాన్ని తిట్టి తీర్చుకునే వీలు కూడా లేదు.

ఆ పది రోజుల మధ్యలో బయాప్సీ రిపోర్ట్ వచ్చింది. ఆసుపత్రి వరండాలో సుధాకర్ దాన్ని మూడుసార్లు చదివాడు. ఇంగ్లీషు అర్థమైందో లేదో అని మళ్లీ లోపలికి వెళ్లి డాక్టరును అడిగి వచ్చాడు. "క్యాన్సర్ లేదంట పద్మా, లేనే లేదంట" అన్నాడు. నేను చప్పుడు చేయకుండా ఏడ్చాను. అక్కడున్నవాళ్లు చెడు కబురనుకుని నాకు నీళ్లిచ్చారు.

తర్వాత స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి ఆరు వారాలు తిరిగాను. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వచ్చేలా "ఊ" అనడం నా వ్యాయామం. ఆ ఒక్క పనిలో వంశీ పిలవకుండానే వచ్చి తోడు కూర్చునేవాడు. ఇప్పుడు మళ్లీ డ్యూటీ చేస్తున్నాను. నడుముకు చిన్న మైకు కట్టుకుంటాను. మొదటి రోజు మైకులో అరుచుకుంటూ పాత ఇనుప సామాన్లు కొనేవాళ్లు బస్సెక్కారని ప్యాసింజర్లు అనుకున్నారు. ఇప్పుడు అలవాటైపోయింది. ఇంట్లో మనిషి దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి చెబుతాను. పని జరుగుతుంది. కాస్త ఆలస్యంగా జరుగుతుంది, అంతే.

మొన్న నాకు సెలవు. పొద్దున్నే జోషిత ఫోనులో అలారం మోగింది. అది పాట కాదు, నా గొంతు. "లెయ్యే జోషీ, ఇంగా పండుకోనుండావా, స్కూలుకు టైమైతాండాది!"

"ఇది ఎప్పుడు రికార్డు చేసినావే?" అని అడిగాను.

"ఆపరేషన్ ముందు రోజు. డాక్టర్ మాట ఇయ్యను అన్న్యాడంట కదమ్మా. మళ్ల నీ గొంతు వస్తాదో రాదో అని..." అని దుప్పట్లో ముఖం దాచుకుంది.

నేను మంచం మీద కూలబడి ఇంకోసారి విన్నాను. గొంతు గరగరలాడుతోంది, మధ్యలో తెగిపోతోంది. ఆ గొంతును పెట్టుకుని రెండు నెలలు దుమ్మే కదా అని తిరిగాను. అందుకే చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

"అది తీసెయ్యే, వినేదానికి నాకే భయమైతాంది" అన్నాను.

"తీయను. ఇప్పుడు నువ్వు మెల్లగా పిలుస్తాండావు. మెల్లగా పిలిస్తే నాకు మెలకువ రాదు" అంది.

నేనూ ఇక పట్టుబట్టలేదు. ఈ రోజు నాది పొద్దుటి డ్యూటీ, తెల్లవారకముందే బస్సులో ఉన్నాను. ఆరింటికి గుత్తి దారిలో టికెట్లు కొడుతుంటే, ఇంట్లో నా పాత గొంతు నా కూతుర్ని లేపింది.