గ్యాసు వస్తుందని నేనిచ్చిన మాట

మా మిల్లులో బొగ్గు పొయ్యిని కూలగొట్టించింది ఓనరు కాదు, నేను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు.

తొంభైల మొదట్లో గోదావరి జిల్లా నుంచి విశాఖ వచ్చాను. స్టీలు ప్లాంటులో ఉద్యోగం దొరుకుతుందని వచ్చి, దొరక్క, గాజువాక దాటాక ఉన్న ఒక చిన్న రోలింగ్ మిల్లులో చేరాను. ఇనుప దిమ్మెలను పొయ్యిలో ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నుంచి లాగి, ఇళ్ల స్లాబుల్లో వేసే కడ్డీలు చేయడం మా పని. కొన్నేళ్లకు పొయ్యి బాధ్యత నాకిచ్చారు. పొయ్యి అన్నానే గాని అది నేను అద్దెకున్న ఇంటికంటే పొడవు. బొగ్గును పొడి కొట్టి అందులోకి ఊదడానికి ఆరుగురు మనుషులుండేవారు. వాళ్లకు పెద్ద ఒక ఫైర్‌మన్, సబ్బవరం దగ్గర పల్లెవాడు. మంట రంగు చూసి లోపలి దిమ్మె ఎంత కాగిందో చెప్పేవాడు. పొయ్యిని దొర అని పిలిచేవాడు. "దొరకి ఆకలేత్తంది, ఎయ్యండ్రా" అని అరిస్తే మిగతా అయిదుగురూ నవ్వుతూ లేచేవారు. నన్ను బావ అనేవాడు. నేనూ అతన్ని బావ అనేవాణ్ణి.

ఆ రోజుల్లో నాకు వారమంటే శనివారమే. సాయంత్రం సింహాచలం కొండ కింద ఒక ఇంటి హాల్లో మా సత్సంగం జరిగేది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో పారాయణం లేని పొద్దు లేదు. ఊరు వదిలి వచ్చాక నాకు మిగిలిన ఇల్లు ఆ హాలే. ప్రవచనం చెప్పే పెద్దాయన ఒక గ్యాసు కంపెనీ ప్లానింగ్ ఆఫీసులో పనిచేసేవారు. ఎవరికి ఎంత గ్యాసు కావాలి, ఎక్కడి నుంచి ఎంత వస్తుంది అని అంచనాలు వేయడం ఆయన ఉద్యోగం. శరణాగతి గురించి ఆయన చెబుతుంటే నా పక్కన కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. నేనూ తుడుచుకున్నాను.

మా సత్సంగంలో ఒక పద్ధతి ఉంది. ఆయన పీఠం మీద ఉన్నంతసేపూ ఎవరూ ప్రశ్న వేయకూడదు. పీఠం దిగాక సాష్టాంగం చేసి, ప్రసాదం తీసుకుని, మాట్లాడకుండా ఇంటికి వెళ్లాలి. విన్నది మనసులో ఇంకడానికి అలా పెట్టారు. నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం.

గోదావరి ఎదుట సముద్రంలో పెద్ద ఎత్తున గ్యాసు పడిందని పేపర్లు రాసిన కాలమది. మా జిల్లా వాళ్లం ఎవరికి వాళ్లం ఆ బావి మా పెరట్లో తవ్వినట్టే మాట్లాడేవాళ్లం. ఒక శనివారం పెద్దాయన పీఠం మీదే ఆ ప్రస్తావన తెచ్చారు. ప్రపంచమంతా గ్యాసు వైపు తిరుగుతోందన్నారు. జపాను, కొరియా దాన్ని మంచులా చల్లబరిచి, ద్రవం చేసి ఓడల్లో తెచ్చుకుంటున్నాయి, చైనా కూడా మొదలుపెట్టింది, మనకు మాత్రం భగవంతుడు మన నీళ్ల అడుగునే దాచిపెట్టాడు అన్నారు. "రెండేళ్లలో పైపు విశాఖ చేరుతుంది. కృప కూడా అంతే. అది ఎప్పుడో బయలుదేరింది. మనం తలుపు తీసి ఉంచాలి, అంతే."

ఆ మాట నేను మోసుకెళ్లి ఓనరుకు అప్పగించాను. ఆయనకు బొగ్గు మసితో, పొగ ఎక్కువైందని వచ్చే సర్కారు నోటీసులతో విసుగొచ్చి ఉంది. గ్యాసు బర్నర్లతో కొత్త పొయ్యి వచ్చింది. పైపు వచ్చేదాకా ట్యాంకర్లలో వంటగ్యాసు తెప్పించి నడుపుదామనుకున్నాం. మిగిలిన ప్రశ్న ఒక్కటే, పాత పొయ్యిని ఏం చేయాలి?

"దొరని ఓ పక్కన పడుండనీ బావ," అన్నాడు ఫైర్‌మన్. "తిండెట్టక్కర్లేదు, జీతమివ్వక్కర్లేదు. మీ గ్యాసు రాకపోతే అడిగే దిక్కుంటాది. ఆ పైపు నువ్వు సూసినావేటి?"

ఓనరు కూడా ఏడాది ఉంచుదామనే అన్నాడు. అప్పుడు నేను ఆరుగురి ముందూ ఒక పురాణ కథ చెప్పాను. దివ్యాస్త్రంతో కట్టుబడిన వీరుణ్ణి చూసి రాక్షసులకు నమ్మకం చాలక, పైన నార తాళ్లు కూడా బిగించారు. ఇంకో కట్టు పడగానే అస్త్రం తనంతట తాను విడిపోయింది. శరణాగతి శాస్త్రంలో ఇది మొదటి పాఠం. ఒకదాన్ని నమ్మాక ఇంకోదాన్ని పట్టుకుంటే మొదటిది వదిలేస్తుంది. "పాత పొయ్యి ఆ నార తాడు. నీకు భక్తి లేదు గనక భయం బావా," అన్నాను. "మీ ఆరుగురికీ కొత్త బర్నర్ల దగ్గర పని నేను చూస్తాను. స్వామి సాక్షి."

ఫైర్‌మన్ పార తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు. ఓనరు, నీ ఇష్టం అన్నాడు. దీపావళి వెళ్లిన వారంలో పొయ్యిని పడగొట్టాం. మొదటి ఇటుక నేనే తీశాను, కొబ్బరికాయ కొట్టి మరీ.

ఆ తరవాతిది ఊళ్లో అందరికీ తెలిసిన కథే. హైవే పక్కన పైపు దారికి గుర్తుగా ఎవరో పసుపు రంగు పూసిన రాళ్లు పాతారు. పైపు రాలేదు. గోదావరి ఒడ్డున గ్యాసు పైకి వచ్చేసరికి ఎరువుల ఫ్యాక్టరీలు, కరెంటు ప్లాంట్లు ముందు నిలబడి ఉన్నాయి. వాటికే చాలలేదు. బావుల్లోంచి అనుకున్నంత రాలేదని తరవాత చెప్పుకున్నారు. ఓడ గ్యాసు కొనాలంటే జపానుతో పోటీ పడాలి. కడ్డీలు చేసే మావంటి వాళ్లను ఆ వరసలో ఎవరూ లెక్కే పెట్టలేదు. ట్యాంకరు గ్యాసు ధర భరించలేక మిల్లు ఒక షిఫ్టుకు, ఆ తరవాత వారానికి మూడు రోజులకు వచ్చింది. బర్నర్లకు ఇద్దరు చాలు, వాళ్లూ ఐటీఐ కుర్రాళ్లు. బొగ్గు మనుషులు ఆరుగురినీ ఇంటికి పంపేశారు. నేను చూస్తానన్న పని నా చేతుల్లో లేదు.

ఓనరు మళ్లీ బొగ్గుకు పోదామన్నాడు. పాత సామాను దొరుకుతుందేమో చూడమని నన్ను ఎలమంచిలి పంపాడు. అక్కడ ఒక రోలింగ్ మిల్లు రెండు షిఫ్టులూ నడుస్తోంది, బొగ్గుతో. ఓనరు కుర్రవాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"మేమూ గ్యాసుకు పోదామనుకున్నామండి. మా మేనమామగారు ఆపేశారు. బొగ్గు పొయ్యి ముట్టుకోకు, అడిగేవాళ్లు లోకమంతా ఉన్నారు, ఇచ్చేది కొందరికే, నీలాంటి వాళ్లు లైన్లో ఆఖరు అన్నారు. ఆయనది గ్యాసు కంపెనీలో ఈ లెక్కలు వేసే పనే కదండీ."

గోడ మీద ఫొటోలో పెళ్లి బట్టల్లో ఆ కుర్రవాడు, పక్కన మా పెద్దాయన.

"ఎప్పుడు చెప్పారు?"

"మీరు గ్యాసుకు మారిన ఏడే, ఉగాదికి వాళ్లింటికి వెళ్లినప్పుడండి."

మేం పొయ్యి పడగొట్టింది అదే ఏడు దీపావళికి. మధ్యలో ముప్పై శనివారాలు. ప్రతి శనివారం ఆయన ముందు నేల మీద పడి లేచాను.

మరునాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాను. వరండాలో పేపరు చదువుతున్నారు.

"మీ మేనల్లుడి మిల్లు చూసొచ్చానండి."

"బాగా నడుస్తోందా?"

"బొగ్గుతో నడుస్తోంది."

ఆయన కళ్లజోడు తీశారు. "ఆఫీసు అంచనాలు బయట చెప్పకూడదు నాయనా."

"మేనల్లుడికి చెప్పారు కదండీ."

"వాడు అడిగాడు. మావయ్యా, నిజం చెప్పు అని ఈ వరండాలోనే కూర్చుని అడిగాడు. నువ్వు ఏనాడూ అడగలేదే?"

"పీఠం మీద నుంచి మీరే అన్నారు, రెండేళ్లలో పైపు వస్తుందని. ఆ మాట నమ్మి మేం పొయ్యి తీసేస్తున్నామని మీతో సహా హాల్లో అందరికీ తెలుసు."

"పీఠం మీద నుంచి చెప్పేది ఆశ నిలబెట్టడానికి. లెక్క కావాలంటే ఇంటికి రావాలి."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. చిన్నపిల్లాడికి అక్షరం దిద్దించినట్టు అన్నారు. గ్యాసు రాకపోవడం నేను భరించగలను. సముద్రం అడుగున ఏముందో చెప్పడం మనిషి వల్ల కాదు. నాకు నమ్మడం నేర్పిన మనిషి, నా నమ్మకాన్ని ఎదురుగా చూస్తూ ఊరుకున్నాడే, అది ఈనాటికీ భరించలేను. స్వామి మీద నా భక్తి వెంట్రుకవాసి తగ్గలేదు. ఆ హాల్లో మాత్రం మళ్లీ కూర్చోలేదు.

ఫైర్‌మన్ పరవాడ వైపు బొగ్గు దించే కాంట్రాక్టు పనిలో ఉన్నాడని తెలిసి వెళ్లాను. లారీ నీడలో అన్నం తింటున్నాడు. జరిగింది మొత్తం చెప్పాను, మేనల్లుడితో సహా. అతను ముద్ద ముద్దకీ తలూపుతూ విన్నాడు.

"ఆయన్ని తిట్టడానికొచ్చినావా, నన్ను సూడ్డానికొచ్చినావా?"

నేను లారీ నీడలో అతని పక్కన కూర్చున్నాను.

"గ్యాసు రాదని నాకు మాత్రం తెల్సా బావ? తెలక అడిగినాను. అడిగితే ఆరుగురి ముందర భక్తి లేనోడన్నావ్. ఆయన నిన్ను అడగనివ్వలేదు, నువ్వు నన్ను అడగనివ్వలేదు. తేడా ఏటి?"

నన్ను ఇంతవరకూ ఎవరూ అంత సూటిగా కొట్టలేదు. అతను గిన్నె కడుక్కుని వచ్చి, ఆరుగురిలో ముగ్గురు ఖాళీగా ఉన్నారని, ఎక్కడైనా బొగ్గు పొయ్యి ఉంటే చూడమని, అంతే మామూలుగా చెప్పాడు.

మా ఓనరుకు మళ్లీ పొయ్యి కట్టే డబ్బు కుదరలేదు. నాకు తెలిసిన బొగ్గు పొయ్యి ఒక్కటే. ఎలమంచిలి వెళ్లి అడిగాను. "మావయ్యగారితో ఒక మాట అనిపించండి, తీసుకుంటాను" అన్నాడా కుర్రవాడు. నేను మళ్లీ ఆ వరండా మెట్లెక్కాను. పెద్దాయన అప్పటికప్పుడు ఫోను చేశారు. పెట్టేశాక నా భుజం తట్టి, "చూశావా, అడిగితే ఎంత సేపు?" అన్నారు. ఆ చెయ్యి తీసేదాకా కదలకుండా నిలబడ్డాను. నలుగురికి చోటుంది అన్నారు. ముగ్గురూ ఆ వారమే చేరారు.

నాలుగో చోటు సంగతి చెప్పడానికి ఫైర్‌మన్ దగ్గరికి వెళ్లాను. అతను బొగ్గు దుమ్ము దులుపుకుని లారీ చక్రానికి ఆనుకున్నాడు.

"ఆ పొయ్యి ఎన్నాళ్లుంటాది?"

"నాకు తెలీదు బావా. వాళ్లు ఎప్పుడు తీసేస్తారో వాళ్లకే తెలుసు. మాట ఇవ్వలేను."

అతను నా మొహంలోకి, పొయ్యి మంటలోకి చూసినట్టే చాలాసేపు చూశాడు.

"అయితే వత్తాను," అన్నాడు.