సూటా, సూడా?

ఆ రోజుల్లో మా పెద్దనాన్న కొడుకు ఏం చేసినా నాకు కడుపు మండేది. అన్నకు చెన్నైలో ఉద్యోగం, ఆదివారమైతే సర్ఫింగు పలకెక్కి సముద్రపు అలల మీద నిలబడేవాడు. నేనేమో కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో బిల్లులు రాసేవాణ్ణి. మా ఊళ్లో తాగేదానికే నీళ్లు లారీలో రావాలి, ఇక అలలెక్కడ! అదైనా ఓర్చుకునేవాణ్ణే. విరుదునగరం మామ తన కూతుర్ని మా ఇద్దరిలో ఎవరికిద్దామా అని చూస్తున్న రోజులవి. అదీ అసలు మంట.

ఒకనాడు మామ ఇంట్లో అందరం నూనె పరోటా తింటున్నాం. అన్న మొదలుపెట్టాడు. "నీళ్లు బాగా చల్లగుంటే ఒళ్లంతా కప్పే మందం రబ్బరు సూటు వేసుకోవాల. కొంచెం చల్లనయితే పలచని సూటు. మన పక్క సముద్రానికి నిక్కరు, ఎండ తగలకుండా నిండు చేతుల పలచని చొక్కా చాలు." మా మరదలు నోరు తెరుచుకొని వింటూ అన్న ఆకులో ఇంకో పరోటా వేసింది. ఖాళీగా ఉన్న నా ఆకు ఆమె కంట పడనే లేదు. "నేనూ అలలెక్కుతా" అనేశాను. (ఈత వచ్చు నాకు, బావిలో.) వచ్చే ఆదివారం అందరం తిరుచెందూరు పక్కకు పోవాలని తేలింది.

అది మార్గళి నెల, చలికాలం. మా ఇంట్లో తెల్లవారి బక్కెట్టు నీళ్లు పోసుకుంటే పళ్లు టకటకలాడేవి. బక్కెట్టే ఇంత చల్లగుంటే సముద్రం ఎంత చల్లగుండాల! అన్న దగ్గర ఏదో చలిదేశంలో కొన్న మందం సూటు ఉంటే అడిగాను. "వద్దురా తమ్ముడా, దాంట్లో ఉడికిపోతావు" అన్నాడు. ఇచ్చేదానికి మనసు రాక అంటున్నాడనుకొని, పట్టుబట్టి తెచ్చుకున్నాను.

ఇంట్లో మా అవ్వ దాన్ని తడిమి చూసింది. "ఏందిరా ఇది?"

"సూటు, అవ్వా."

అవ్వకు చెవులు కొంచెం మందం. "సూడా? ఊరంతా ఒంటి సూడు తగ్గాలని తలకు నూనె పెట్టుకుంటే, నువ్వు సూడు తొడుక్కుంటావా?" (సూడంటే అరవంలో వేడి. మా ఇళ్లలోనూ అదే మాట.) అవ్వ అమాయకత్వానికి నేను తెగ నవ్వాను.

సముద్రంలో కాలు పెట్టానో లేదో, అయ్యో దేవుడా, నీళ్లు కాచినట్టు గోరువెచ్చగా ఉన్నాయి! పైగా చొక్కా మాదిరి జిప్పు ముందుకు పెట్టి తొడుక్కున్నాను, అది వీపు పక్కన ఉండాలంట. పలక మీద బోర్లా పడుకోగానే ఊపిరాడలేదు. "అన్నా, విప్పన్నా!" అని కేక పెట్టాను. అన్న ఒక చెయ్యి, మరదలు ఒక చెయ్యి పట్టుకొని లాగారు. లాగుతూ లాగుతూ ఆమె నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడింది. "బావా, సూటా, సూడా?" అంది. అవ్వ ముందే ఫోను చేసి చెప్పేసిందంట! ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె లేచి, దులుపుకొని, నేను వదిలేసిన పలక తీసుకొని నీళ్లలోకి నడిచింది.

ఎవర్ని చేసుకుంటావని మామ అడిగితే మాత్రం నా పేరే చెప్పింది. "ఆ బావ దగ్గర పాఠం వినాల, ఈ బావ దగ్గరయితే నవ్వొచ్చు" అందంట. గెలిచాను కదా, కుళ్లు తీరిపోవాల. ఎక్కడ! ఆరోజు పలకెక్కిన మనిషి ఇంతవరకు దిగలేదు. నెలకోసారి నా పెండ్లాం పలచని చొక్కా తొడుక్కొని అలల్లోకి పోతుంది, నేను తువ్వాలు పట్టుకొని ఒడ్డున నిలబడతాను. పెద్ద అల వస్తుంటే ఆమె ముఖం వెలిగిపోతుంది. అన్నతోనయితే పోట్లాడొచ్చు. సముద్రాన్ని ఏమనేది?