మురగని గుడ్లు

మా అవ్వ మా బడి సారుకు ఇచ్చిన పదమూడు గుడ్లు మురిగినవి కావు. వాటిని చంపింది సారు మొండితనం. నింద మాత్రం అవ్వ మోసింది.

మొన్న కరీంనగర్ బజారులో, ‘ఇంక్యుబేటర్ పిల్లలు’ అని బోర్డు కట్టిన దుకాణం ముందు, ఊకా రెట్టా కలిసిన వాసన తగలగానే మళ్లీ ఒళ్లు మండింది.

మా ఊళ్లో కోడిని పొదగేయాలంటే అవ్వే. ఎండలు ముదరకముందే ఆడవాళ్లు కొంగుల్లో గుడ్లు తెచ్చేవారు. ఒక్కొక్కటీ పొద్దుటెండకు ఎత్తి గుప్పిట సందులోంచి మంచిదో కాదో చూసి, గంపలో బూడిద పోసి, గడ్డి పరిచి, ఉరుములకు చెడకుండా ఒక ఇనుప మేకు దాచి, అప్పుడు కోడిని కూర్చోబెట్టేది. లేచిన పిల్లల్లో సగం వాళ్లకు, సగం మాకు.

నేను ఏడో తరగతిలో ఉండగా, ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున తన బల్ల మీదే పిల్లలు లేవాలని మా సారుకు పంతం పుట్టింది. చెక్కపెట్టెలో బల్బు బిగించి, బోర్డు మీద ‘ఇంక్యుబేషన్’ అని రాసి, యంత్రంతో పిల్లలు లేపడమని అర్థం చెప్పి, మూడు రోజుల్లో పిల్లలు లేచేలా పద్దెనిమిది రోజులు పొదిగిన గుడ్లు తెమ్మన్నాడు.

“సారు అడిగినంక లేదంటమా బిడ్డా, జర పైలంగ తీస్కపో” అంది అవ్వ. ఖాళీ గంప చుట్టూ కోడి అరుస్తూ తిరిగింది.

మర్నాడే కరెంటు పోయింది. అవ్వ బడికి ఉరికొచ్చింది.

“సల్లవడ్తున్నయ్ సారూ, మల్ల కోడి కిందేస్త, బతుకుతయ్.”

“గిది సైన్సమ్మా, నీ గంప గాదు. ఇప్పుడే వస్తది కరెంటు.”

రెండు రోజులు రాలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టెలో ఒక్క పిల్లా లేవలేదు. “మురిగిన గుడ్లు అంటగట్టింది వీళ్లవ్వ!” అని సారు నవ్వాడు. కోడిపిల్లలను చూద్దామని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ అవ్వ, లోపలికొచ్చి ఒక గుడ్డు పగలగొట్టింది. తడి ఈకలతో పిల్ల.

“మురిగిన గుడ్లల్ల ఈకలుంటయా సారూ?”

అయినా ఊరు మాత్రం సారు మాటే నమ్మింది. ఆ తర్వాత ఒక్క గుడ్డూ మా గడప తొక్కలేదు. నేనూ బడి గడప తొక్కలేదు.

పాత పుస్తకాల అంగట్లో నిఘంటువు కొని, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాక సారు రాసిన ‘ఇంక్యుబేషన్’ మాట మూలం చూశాను: లాటిన్‌లో ‘పైన పడుకోవడం’. పూర్వం అక్కడి రోగులు స్వస్థత కోసం గుడిలో నిద్ర చేయడాన్నీ అలాగే అన్నారట, మనవాళ్లు కొండగట్టులో నిద్ర చేసినట్టు. జ్వరం బయటపడేముందు ఒంట్లో దాగి ఉండే రోజులకూ అదే మాట. యంత్రం ఆ మాటలోకి ఎంతో ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందంతా ఉన్నది కోడే! సారు తనకు తెలియని మాటను బోర్డు మీద రాసి, తెలిసిన మనిషిని తలుపు దగ్గర నిలబెట్టాడు.

“గుడ్లు మంచియే అని సారు నోట ఒక్కసారి ఇనాలె బిడ్డా” అనేది అవ్వ. అందుకే ఏటా ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. గంప చెదలు పట్టింది. అవ్వ పోయిన ఏడాదికి సారు నుంచి ఒక కార్డు వచ్చింది:

“కరెంటు పోయిన పూటే గుడ్లు తిరిగి ఇవ్వాల్సింది. పిల్లల ముందు మీ అవ్వ చేతిలో ఓడిపోతానని భయపడ్డాను. గుడ్లు మంచివే. ఆ మాట నేనే వచ్చి ఆమెకు చెప్తాను. ఏ రోజు ఇంట్లో ఉంటారు?”