సమ్మె రోజు కదిలిన బండి

నేను లెక్కల మాస్టారిని. ముప్పై ఏళ్ళు ఒకే బడిలో పనిచేశాను. చరిత్ర అంటే నాకు మొదటినుంచీ చిన్నచూపు. అందుకే శుక్రవారం చివరి రెండు పీరియడ్లూ హెడ్మాస్టరు సోషల్ టీచరుకి రాసిచ్చినప్పుడు నా కడుపు మండింది. ఇప్పుడు ఆమె గురించి రాయడానికి కూర్చుంటే మాత్రం కలం ఆగేలా లేదు.

ఆమె పొట్టి మనిషి. చెయ్యి అందక నల్లబల్ల పై సగం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. గొంతు మాత్రం మూడు గదుల అవతల నా త్రికోణాలను కూడా కదిలించేది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు సాక్ష్యాల టీచరు. నిన్న జ్వరం వచ్చిందన్నవాణ్ణి సైతం "ఎవరు చూశారు?" అని అడిగే రకం.

తొమ్మిదో తరగతి చేత ఏటా గోడపత్రికలు చేయించేది. నలుగురికొక జట్టు, జట్టుకు దేశచరిత్రలో ఒక రోజు. ఆ రోజు జరిగింది మర్నాడు పేపర్లో ఎలా వచ్చి ఉండేదో అలా పెద్ద చార్టు మీద రాయాలి. వార్తలు, బొమ్మలు, వాతావరణం, తప్పిపోయిన మేక ప్రకటన, అన్నీ ఉండాలి. ఆ రోజు మనుషులకు తెలియనిది రాయకూడదు. ప్రతి వార్తకూ రెండు సాక్ష్యాలు చూపించాలి. అడుగున అరచెయ్యంత గడి సవరణ కోసం ఖాళీగా వదలాలి. తప్పు పట్టినవాళ్ళకు ఐదు మార్కులు, ఒప్పుకుని గడిలో వేసినవాళ్ళకు మరో ఐదు.

ఒక ఏడు ఒక జట్టు, పరాయి ప్రభుత్వం నాయకుల్ని జైల్లో పెట్టిన రోజు గురించి రాస్తూ, "ప్రజలు కంగారు పడవద్దు, ఇంకో ఐదేళ్ళలో స్వాతంత్ర్యం వస్తుంది" అని ధైర్యం చెప్పింది. ఆమె పడీ పడీ నవ్వి, "ముందు ఈ విలేకరిని అరెస్టు చేయాల్సింది" అంది. నవ్వకూడదనుకుంటూనే నేనూ నవ్వాను.

ఆమెకొక గర్వం ఉండేది. వాళ్ళ నాన్న రైల్వే గార్డు. పరాయి పాలన రోజుల్లో దేశమంతా పని మానేసిన సమ్మె నాడు ఆయన పచ్చజెండా ఎత్తనన్నాడట, మా ఊరి స్టేషన్లో ఒక్క బండీ కదల్లేదట. ఏటా క్లాసులో ఈ కథ చెప్పేది. హెడ్మాస్టరు ఏ సభలోనైనా ఆమెను "ఆ గార్డుగారి అమ్మాయి" అనే పరిచయం చేసేవారు. నాన్న పోయి ఆరేళ్ళయినా ఆ మాట వింటే ఆమె ముఖం విప్పారేది.

ఒక ఏడు ఆ సమ్మె రోజే ఒక జట్టు వంతుకొచ్చింది. దాని సంపాదకురాలు టైలరు కూతురు, కుట్టు విప్పి చూస్తే గాని నమ్మని పిల్ల. స్టేషన్ మాస్టరును బతిమాలి, జట్టంతా పాత రిజిస్టర్ల గదిలో రెండు శనివారాలు దుమ్ములో కూర్చున్నారు. ఆ రోజు పేజీలో ఒకే ఒక్క బండి ఉంది. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరింది. గార్డు సంతకం టీచరు వాళ్ళ నాన్నది. నమ్మలేక, అప్పట్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారు.

"వెళ్ళాడమ్మా. ఆ బండికి దారి మార్చింది నేనే," అన్నాడు ఆ ముసలాయన. "ఆ రోజు నేనూ పనిలోకి వచ్చినవాణ్ణే కదా, ఎవరితో చెప్పుకుంటాను?"

రెండు సాక్ష్యాలూ కుదిరాయి. టీచరుకి చెప్పే ధైర్యం లేక టైలరు కూతురు స్టాఫ్‌రూమ్‌లో నా బల్ల దగ్గరికొచ్చి సంగతంతా చెప్పింది.

"సార్, ఈ ఒక్క వార్త వదిలేస్తే మార్కులు తగ్గుతాయా?"

"వదిలేయండమ్మా. మీ టీచరు తట్టుకోలేదు," అన్నాను. నేనిచ్చిన చెత్త సలహాల్లో అది ముందు వరసలో ఉంటుంది.

బీరువా తలుపు వెనక ఆమె ఉందని నేను చూసుకోలేదు. "ఏ వార్త?" అంది.

పిల్ల నకలు రాసుకున్న కాగితం చేతికిచ్చింది. ఆమె చదివింది. బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "సోమవారం దాకా ఆగండి. ఇంకో సాక్షి ఉంది," అంది.

ఆ సాక్షి ఆమె తల్లి. ఎనభై దాటిన మనిషి, కూతురి దగ్గరే ఉండేది. ఆ సాయంత్రం ఏం జరిగిందో తర్వాత టీచరే నాతో చెప్పింది. కాగితం చదివి వినిపిస్తే, ముసలావిడ బఠానీలు ఒలవడం ఆపలేదట.

"వెళ్ళారు. నేనే పంపాను. అప్పటికి నువ్వు పుట్టి ఇరవై రోజులు. రాకపోతే ఉద్యోగం, క్వార్టరు రెండూ పోతాయని కబురొచ్చింది. పచ్చి బాలింతని, నిన్నెత్తుకుని ఏ చెట్టు కిందికి పోను? వెళ్ళమని కాళ్ళు పట్టుకున్నాను."

"మరి నాన్న నాతో ఎందుకలా చెప్పాడమ్మా?"

"ఒకరోజు బడినుంచొచ్చి, సమ్మెనాడు నువ్వేం చేశావు నాన్నా అని అడిగావు. నీ ముఖం చూసి అబద్ధం ఆడారు. ఇంక వెనక్కి తీసుకోలేకపోయారు. నేనూ కాదనలేదు."

విషయం హెడ్మాస్టరు చెవిన పడింది. "ఇంటి గుట్టు గోడకెక్కిస్తారా అమ్మా? పోయిన మనిషి పరువు కదా," అన్నారు.

ఆమె కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఇరవై రెండేళ్ళు అందరినీ సాక్ష్యం అడిగాను సార్. మా నాన్నని మాత్రం అడగలేదు. ఆ తప్పు నాది, సవరణ నేనే వేస్తాను."

తల్లిదండ్రులు వచ్చిన రోజు వరండా కిక్కిరిసింది. సమ్మె పత్రికలో తొమ్మిది గంటల బండి వార్త ఉంది. అడుగున గడిలో టీచరు సొంత దస్తూరీ: ఈ బడిలో తాను ఏటా చెప్పిన కథ తప్పని, తండ్రి పేరుతో సహా. చదివినవాళ్ళు ఆమెకేసి చూసి పక్కకు జరిగారు. ఆమె అక్కడే నిలబడింది. అంత ధైర్యం నాకు లేదు.

కూతురి చెయ్యి పట్టుకుని వచ్చిన ముసలావిడ గడిలోని నాలుగు వాక్యాలూ కూడబలుక్కుని చదివి, టైలరు కూతురిని పిలిచింది.

"సగమే రాశారు పాపా. పంపింది భార్య అని కూడా వెయ్యి. నా పేరు వెయ్యి. ఇన్నాళ్ళూ ఆయనొక్కరే మోశారు."

"రెండో సాక్ష్యం కావాలమ్మమ్మా," అంది పిల్ల, భయం భయంగా.

ముసలావిడ టీచరు భుజం మీద చెయ్యేసింది. "ఇదిగో. ఆ పూట నా ఒళ్ళోనే ఉంది."

జనం నవ్వారు. టీచరు నవ్వబోయి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, తల్లి పేరుతో ఆ వాక్యం తనే గడిలో రాసింది, అదొక్కటే వంకరగా పడింది.

మరుసటి ఏడు ఆమె క్లాసులో కొత్త కథ చెబుతుంటే కిటికీ పక్కన ఆగి విన్నాను. చివర ఒక కుర్రాడు లేచి అడిగాడు. "అయితే మీ నాన్నగారు చేసింది తప్పా టీచర్?"

"ఆ రోజు పనికి వెళ్ళక ఉద్యోగాలు పోగొట్టుకున్న వాళ్ళ పిల్లలు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు," అంది ఆమె. "ముందు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడుగు. నా దగ్గరికి తర్వాత రా."