కాళ్లు నేలకు ఆనాలి

ఐదేళ్ల మా పాపకు మొదటి సైకిల్ కొనడానికి ఈ రోజు జగిత్యాల వెళ్లాం. పాప తాత, మా బాపు కూడా వచ్చాడు. నాలుగేళ్లు వస్తుందని నేను కాస్త పెద్ద సైకిలే చూశాను. బాపు మాత్రం చిన్నదొకటి ఎంచి, ముందు దాన్ని పాపతోనే లేపించాడు. తర్వాత సీటు మీద కూర్చోబెట్టి, వంగి, ఆమె మడమలు నేలకు ఆనాయో లేదో చేత్తో తడిమి చూశాడు.

"ఏడాదికే పొట్టిగైతది బాపూ," అన్నాను.

"ఐతే గప్పుడు ఇంకోటి కొందాం. నీకు నా సైకిలిచ్చి పంపింది మరిశినవా?"

మరిచిపోలేదు. నక్సలైట్ల కోసం పోలీసులు ఊళ్లు గాలించే రోజులవి. నాకు పదేళ్లు. గొల్లపల్లి రోడ్డు మీద వస్తుంటే పోలీసులు ఆగమన్నారు. కాళ్లు నేలకు అందవు, ఆపితే పడతానని ఆపకుండా వాళ్లను దాటేశాను. తుపాకులు లేచాయి. అంతలో నేనే కాలువలో పడి ఏడవడంతో వదిలేశారు.

"నేను పొలం గట్టు మీద్నే ఉన్న. తుపాకులు నీ దిక్కు లేసుడు సూసిన," అన్నాడు బాపు. ఇన్నేళ్లలో ఈ మాట ఈ రోజే విన్నాను.

చిన్న సైకిలే కొన్నాం. పెద్దది కొంటే కలిసొస్తుందనుకునే నాలాంటి నాన్నలు ఇంకెవరైనా ఉన్నారా?

సాయంత్రం నుంచి వాకిట్లో బాపు పాపకు సైకిల్ నేర్పుతున్నాడు. తొక్కడం కాదు, ఆగడం.