ప్రాణభయానికి సాక్షి కావలెను

స్థానిక ఎన్నికలకు ముందటి ఏడాది, ఎండాకాలంలో, రాయదుర్గం వైపున్న ఒక మెట్ట మండలానికి నన్ను తహసీల్దారుగా బదిలీ చేశారు. నీళ్ల ట్యాంకర్ల గొడవలకు సిద్ధపడి వెళ్లాను. ముందుగా నా బల్ల మీదికి వచ్చింది మాత్రం పిస్టల్ కోసం పెట్టిన అర్జీ.

ఆయుధ లైసెన్సు ఇచ్చేది కలెక్టరు. అంతకుముందు పోలీసులు ఒక నివేదిక, తహసీల్దారు ఒక నివేదిక పంపాలి. అర్జీదారుకు నిజంగా ప్రాణభయం ఉందా, ఉంటే ఎవరివల్ల అన్నది విచారించి రాయాలి. అర్జీదారు తిప్పేస్వామి మాజీ ఎంపీటీసీ. అడవిపందుల నుంచి చెనిక్కాయ, అంటే వేరుశనగ చేను కాపాడుకోవడానికి వాళ్ల నాయన కాలం నాటి తుపాకీ ఒకటి లైసెన్సుతోనే ఉంది. అది చాలదట. చొక్కా కింద నడుముకు దోపుకునే పిస్టల్ కావాలి. ఆయన జడ్పీటీసీ టికెట్ ఆశిస్తున్నాడు. నడుము దగ్గర చొక్కా కాస్త ఉబ్బి కనిపించకపోతే పార్టీలో ఎవరూ లెక్కచేయరని ఆయన నమ్మకం.

ఎవరివల్ల ప్రాణభయమని అడిగాను. పాపం, ఆయన్ని చంపాలనుకునేవాడు మండలంలో ఒక్కడూ లేడు.

“కొంచెం టైమియ్యండి సార్, చూసుకోని వస్తా,” అన్నాడు.

నేరుగా పాత ప్రత్యర్థి ఓబుళేసు ఇంటికి పోయి, తనను బెదిరించినట్టు ఒక మాట చెప్పమని అడిగాడట. “నిన్ను సంపి నేను జైలుకు పోవల్లనా? అంత మనిసివా అప్పా నువ్వు?” అన్నాడట ఓబుళేసు. తిప్పేస్వామికి తల కొట్టేసినట్లయింది. చివరికి బేరం కుదిరింది. ఒకరివల్ల ఒకరికి ప్రాణభయమని ఇద్దరూ చెప్పాలి, చెరో పిస్టల్ తెచ్చుకోవాలి. ఓబుళేసు కూడా అర్జీ పెట్టాడు.

విచారణ రోజు ఇద్దరూ ఒకే జీపులో దిగారు. ఆఫీసు ఎదుటి హోటల్లో పక్కపక్కన కూర్చుని ఉగ్గాని, బజ్జీ తిన్నారు. బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని వాదులాడుకున్నారు. వాళ్లిద్దరి మధ్య నేను కళ్లారా చూసిన గొడవ అదొక్కటే. తర్వాత లోపలికి వచ్చి, అవకాశం దొరికితే ఎదుటివాణ్ణి నరుకుతామని ప్రమాణం చేసి మరీ వాంగ్మూలం ఇచ్చారు.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. తహసీల్దారంటే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. చంపుతానని చెప్పినవాణ్ణి బైండోవర్ చేయాలి, అంటే శాంతిగా ఉంటానని బాండు రాయించుకోవాలి. ఆ బాండు గడువు తీరేదాకా అతను ఏ తుపాకీ ఉంచుకోకూడదు, పాతదైనా సరే. ఇదంతా విడమరచి చెప్పి, మాట వెనక్కి తీసుకోమన్నాను.

“ఎనక్కి తీసుకుంటే, వీన్ని సంపేంత పగోడు గూడా లేడని ఊర్లో నగుతారు సార్. రాసుకోండి,” అన్నాడు తిప్పేస్వామి. ఓబుళేసు తలూపాడు.

రాసుకున్నాను. రెండు అర్జీలూ తిరస్కరించారు. తిప్పేస్వామి నాయన తుపాకీ స్టేషన్లో జమ అయింది. టికెట్ ఇంకెవరికో పోయింది. ఆ ఏడే వానలు కుదిరి చెనిక్కాయ బాగా పట్టింది, వెనకాలే పందులు దిగాయి. తిప్పేస్వామి డబ్బా వాయించుకుంటూ గట్ల మీద తిరగడం నేనే చూశాను. అవతలి గట్టున ఓబుళేసు ఇంకో డబ్బా వాయిస్తున్నాడు. అయినా సగం చేను పందుల పాలైంది.

ఆ తర్వాత లైసెన్సు విచారణకు ఎవరొచ్చినా, ఎవరంటే భయమని మొదట అడగలేదు. పొద్దున టిఫిన్ ఎవరితో తిన్నారని అడిగేవాణ్ణి.